స్తంభం పక్కన మిగిలిన బొమ్మ

మన ముందు గది, కిటికీ పక్క

తమ్ముడికి,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని నవ్వుకోకు. గోడల మీద అంటించిన కాగితాలన్నిటి మీదా నా నంబరే ఉంది. మీ బావ ఫలానా చోట కనిపించాడని చెప్పడానికి ఎవరో ఫోన్ చేసిన నిమిషానికే నేను నీతో మాట్లాడుతూ కూర్చుంటే? ఆ పుణ్యాత్ముడు మళ్ళీ చేస్తాడన్న నమ్మకమేముంది? అందుకే ఫోన్ని ఖాళీగా ఉంచుతున్నాను. నువ్వూ చెయ్యకు. మోగినప్పుడల్లా ప్రాణం లేచొస్తుంది. తీరా తీస్తే నీ గొంతు. పాపం, నీ తప్పేం లేకపోయినా నీ మీద కోపమొస్తోంది.

నువ్వున్నన్ని రోజులూ కాళ్ళరిగేలా తిరిగావు. నువ్వు వెళ్ళాక ఒక సంగతి జరిగింది. మన ఎదురుగా జిరాక్సు కొట్టు గుమ్మం మీద కెమెరా ఉంది కదా. నువ్వు అడగబోయినప్పుడు కొట్టు మూసి ఉంది. ఆయన కూతురి దగ్గరికి వెళ్ళాడట. వెళ్ళేముందే, మీ బావ కనపడటం లేదన్న మాట చెవినపడి, ఆ పూట వీడియో తన ఫోన్‌లోకి దింపుకున్నాడట. మొన్న తిరిగొచ్చి నా ఫోన్‌కి పంపాడు. దాన్ని పెన్ డ్రైవులో వేయించి ఈ కవర్లో పెట్టాను.

అందులో మన వీధి చివరి దాకా కనిపిస్తుంది. వీధికి అడ్డంగా పోయే రోడ్డు, దాని అవతలి గట్టున దీపస్తంభం. మతిమరుపు ముదిరాక డాక్టరు నడవమన్నాడు గనక రోజూ పొద్దున ఆ స్తంభం దాకా వెళ్ళడం మీ బావకి అలవాటు. వెళ్ళడం వెళ్తాడు. వెనక్కి తిరిగేసరికి మన ఇల్లేదో గుర్తుండదు. ఈ వీధిలో గేట్లన్నీ ఒకే రంగాయె. అందుకని నేను గుమ్మంలో నిలబడి చెయ్యెత్తుతాను. పేరు పెట్టి పిలిస్తే పలకని మనిషి, చెయ్యెత్తితే మాత్రం బుద్ధిగా నడిచొస్తాడు. రోడ్డు మేస్త్రీగా ఉన్నన్నాళ్ళూ చెయ్యెత్తి బళ్ళని ఆపి, చెయ్యెత్తి పంపిన మనిషి కదా. అన్నీ పోయినా ఆ ఒక్కటీ ఉంది. ఆ రోజు కూడా ఎత్తాను. ఎత్తి, పొయ్యి మీద పాలున్నాయని లోపలికొచ్చాను. ఆయన రాలేదు.

నీకు తెలియంది కాదు గాని, గుర్తుపట్టడానికి వీలుగా ఉంటుందని రాస్తున్నా. వేసుకున్నది ఆ పాత నారింజ రంగు పని కోటే. ముందువైపు మెరుపు పట్టీ చిరిగి వేలాడుతోందని నేనే ఊడదీశాను. వీపు మీద వెడల్పాటి తెల్ల పట్టీ అలాగే ఉంది. నవ్వితే పై వరసలో సందు. పన్ను ఊడినప్పుడు, గేటు తీసే ఉంచారేమిటి బావగారూ అని నువ్వు ఏడిపించేవాడివి.

వీడియోలో ఆయన స్తంభం దగ్గర ఉండగా ఇసుక లారీ ఒకటి వచ్చి అడ్డంగా కాసేపు ఆగింది. లారీ వెళ్ళాక కూడా కాసేపు అక్కడే నిలబడి ఉన్నాడు. ఉన్నట్టుండి మాయమైపోయాడు. ఎంత చూసినా నాకు మరకలు మరకలుగా కనిపిస్తోంది. నువ్వు ఒక్కటే చెప్పు. ఎడమకి వెళ్ళాడా, కుడికా? ఎడమకైతే బస్టాండు. కుడికైతే కాలువ గట్టు. పోలీసులు రెండూ చూశామంటున్నారు, ఎంత చూశారో వాళ్ళకే తెలియాలి. వీడియోలు మూటకట్టే ఉద్యోగమని మీ బావ నిన్ను మూటల మేస్త్రీ అనేవాడు కదా. ఈ మూట విప్పి చెప్పు, నాయనా.

అక్క

*

మూడో అంతస్తు, కంప్యూటర్ల గది

అక్కకి,

పెన్ డ్రైవు అందింది. అందిన పూటే జిరాక్సు కొట్టాయనకి ఫోన్ చేశాను, ఆయన కెమెరా పెట్టెలో అసలు వీడియో ఉందేమోనని. లేదు. ఆ డిస్కు నిండగానే పాతది చెరిపేసి, దాని మీదే కొత్తది రాసుకుంటుంది. మన పూట ఎప్పుడో చెరిగిపోయింది. పాపం ఆయన ఎంతో బాధపడ్డాడు. నేను ఆయన్నేమీ అనలేదు, అనడానికేమీ లేదు కూడా.

ఇప్పుడు మన దగ్గరున్నది ఆయన ఫోన్ నుంచి నీ ఫోన్‌కి వచ్చింది. చోటు తక్కువ పట్టేలా కెమెరా పెట్టె ఒకసారి నొక్కింది, పంపేటప్పుడు ఫోన్ ఇంకోసారి నొక్కింది. ఆఫీసులో నా పనీ ఇదే గనక ఎలా నొక్కుతారో చెబుతాను. విసుక్కోకుండా చదువు. నీ ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

వీడియో అంటే సెకనుకి బోలెడు బొమ్మలు. అన్నీ పూర్తిగా దాస్తే ఏ డిస్కూ చాలదు. అందుకని మడిచి దాచడానికి, చూసేటప్పుడు విప్పడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. దాన్ని కోడెక్ అంటాం. అది ఒక బొమ్మని పూర్తిగా దాస్తుంది. తర్వాతి బొమ్మలకి 'ఇందాకటి లాగే' అని గుర్తు పెట్టుకుని, కదిలిన ముక్కలు మాత్రమే మార్చుకుంటుంది. కాసేపయ్యాక మళ్ళీ ఒక పూర్తి బొమ్మ. ఇక బిట్ రేటు అంటే, సెకను వీడియోకి ఇంతకు మించి సమాచారం వాడకూడదని పెట్టే హద్దు. హద్దు పెద్దదైతే బొమ్మ శుభ్రంగా ఉంటుంది, డిస్కు తొందరగా నిండుతుంది. చిన్నదైతే డిస్కు ఎక్కువ రోజులొస్తుంది, బొమ్మ అలుక్కుపోతుంది. కొట్టాయన డిస్కు ఎక్కువ రోజులు రావాలని చిన్న హద్దు పెట్టుకున్నాడు. కొట్లో ఎవరు కాగితాలెత్తుకుపోయారో తెలియడానికి అది చాలు. వీధి చివర మనిషి కోసం పెట్టింది కాదు కదా.

బావగారు కదలకుండా నిలబడ్డంతసేపూ ఆ యంత్రానికి పని లేదు. 'ఇందాకటి లాగే', 'ఇందాకటి లాగే' అనుకుంటూ పోయింది. లారీ వచ్చేసరికి తెరలో సగం ఒక్కసారిగా మారిపోయింది. ఉన్న హద్దు చాలలేదు. అందుకే అంతా గళ్ళు గళ్ళుగా చెదిరింది. లారీ తప్పుకున్నాక వెనకున్నది మళ్ళీ కొత్తగా దాచాలి. దానికీ చాలలేదు. అప్పుడేం చేసిందంటే, లారీ రాకముందు దాచిన బొమ్మలోంచి ఆ ముక్క తెచ్చి అక్కడ అతికించింది. ఆ ముక్కలో బావగారున్నారు.

లారీ వెళ్ళాక కూడా నిలబడి ఉన్నాడని రాశావు. అది ఆయన కాదక్కా. ఆయన వెళ్ళిపోయాక మిగిలిన బొమ్మ. తర్వాతి పూర్తి బొమ్మ వచ్చేదాకా ఆ మరక అక్కడే ఉంది. వచ్చాక చూస్తే స్తంభం ఒక్కటే ఉంది. ఎటు వెళ్ళినా లారీ చాటునో, ఆ మరక చాటునో వెళ్ళారు. ఎడమో కుడో ఈ వీడియోలో లేదు. దాక్కుని ఉంటే ఎలాగోలా బయటికి లాగేవాణ్ణి. అది ఇందులోకి ఎక్కనే లేదు.

ఒకసారి బావగారు అడిగారు, ఇంత పెద్దదాన్ని ఇంత మూట కట్టాలంటే ఏదో ఒకటి పారెయ్యాలిగా, ఏం పారేస్తావోయ్ అని. మనిషి కంటికి ఆననివి పారేస్తామని గొప్పగా చెప్పాను. ఎవరి కంటికి, అన్నారు.

బస్టాండులో మా స్నేహితుడి అన్నగారు పనిచేస్తున్నారు. ఆయనతో మాట్లాడాను, వాళ్ళ కెమెరాల్లో వెతికారట, జనంలో ఎవరూ తేలలేదు. నన్ను రమ్మంటే రేపే వస్తాను. వచ్చి ఏం చెయ్యాలో మాత్రం తెలియడం లేదు.

తమ్ముడు

*

ముందు గది

ఓయ్ మూటల మేస్త్రీ,

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా మంచం దిగలేదు. లేదు, లేదు, లేదు అని ఎన్నిసార్లు రాశావో నువ్వే లెక్కపెట్టుకో. ఇప్పుడు నేను చెప్పేది విను.

మెయిన్ రోడ్డు మీద ఫోటో స్టూడియో అతను పోస్టర్ చూసి తనంతట తనే ఇంటికొచ్చాడు. ఫోటో బాగా లేదమ్మా, వీడియో ఏమైనా ఉందా అన్నాడు. ఇచ్చాను. అతని కంప్యూటర్లో ఏదో కొత్త ప్రోగ్రాము ఉందట, మసకగా ఉన్నవాటిని స్పష్టంగా చేస్తుందట. నేను అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. టీ చల్లారేలోపల మీ బావ మొహం వచ్చింది. కళ్ళు, ముక్కు, చెంప మీద గీత, అన్నీ. లారీ వెళ్ళాక ఎడమకి తిరిగి, మొహం ఇటు పెట్టి నవ్వుతున్నాడు. పలువరస తెల్లగా మెరుస్తోంది. ఎడమకే వెళ్ళాడురా. బస్టాండుకే.

అతనికి దండం పెట్టాను. ఎంతివ్వమంటావని అడిగితే మొహం అదోలా పెట్టాడు, ఇలాంటి పనికి ఎవరైనా తీసుకుంటారా అని. లోకంలో మంచివాళ్ళు లేకపోలేదు.

ఆ మొహంతో కొత్త పోస్టర్లు వేయించాను. బస్సులు వెళ్ళే ఊళ్ళన్నిటికీ డ్రైవర్ల చేత పంపించాను. డ్రైవర్లంతా మీ బావని ఎరిగున్నవాళ్ళే. మేస్త్రీగారు చెయ్యెత్తితేనే మా బండి కదిలేదమ్మా అని ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు ఫోన్ రోజూ మోగుతోంది. అన్నీ ఉత్తవే, అయినా మోగుతోంది. అన్నం సయిస్తోంది నాకు.

నువ్వు చదివిన చదువుకి తెలియంది అతనికి తెలిసిందని నిన్ను దెప్పడం లేదు. కొంచెం దెప్పుతున్నానేమో. మీ బావ రానీ, ఇద్దరం కలిసి ఏడిపిస్తాం. కొత్త వీడియో, కొత్త బొమ్మ పంపుతున్నాను. ఈ ఫైలు పాతదానికన్నా ఎన్నో రెట్లు పెద్దదట. నీ హద్దు, గిద్దు అన్నీ దాటేసింది. చూసి, ఎడమకే అని ఒక్క ముక్క రాయి. నువ్వూ రాస్తే నాకింకేం అక్కర్లేదు.

అక్క

*

మూడో అంతస్తు

అక్కకి,

బొమ్మ చూశాను. వీడియో కూడా చూశాను. అన్నం తింటున్నానని రాశావు, అది చదివి సంతోషించాను.

ఫైలు పెద్దదైనంత మాత్రాన లోపల ఉన్నది పెరిగిందని కాదు. చెంబుడు నీళ్ళని గంగాళంలో పోసినా చెంబుడే కదా. సరే, అదంతా ఇప్పుడెందుకులే.

నువ్వు నా మాటగా ఒక పని చెయ్యి. పోస్టర్లో ఈ బొమ్మతో పాటు మన పాత ఫోటో కూడా వేయించు, పక్కపక్కన. ఎవరైనా కనిపించాడని ఫోన్ చేస్తే, వెంటనే బయల్దేరకుండా ముందు పన్ను సంగతి అడుగు. ఒంటరిగా మాత్రం ఎక్కడికీ వెళ్ళకు. ఒక్క మాట చెబితే నేను సెలవు పెట్టుకుని వస్తాను.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

తమ్ముడు

*

బస్టాండు బెంచీ మీద మొదలుపెట్టి, ఇంట్లో పూర్తి చేసింది

తమ్ముడికి,

ఎడమకే అని ఒక్క ముక్క రాయమన్నాను. పని ఎక్కువగా ఉందని రాశావు.

చాలా దూరపు ఊరి నుంచి ఒకామె ఫోన్ చేసింది. దిక్కులేని వాళ్ళని ఉంచే ఆశ్రమం నడుపుతుందట. మీ పోస్టర్లో మనిషి మా దగ్గర ఉన్నాడమ్మా, అచ్చం అదే మొహం, పేరు చెప్పలేడు, ఊరు చెప్పలేడు అంది. పన్ను సంగతి అడగమన్నావు. అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని అడగలేదు. నీకూ చెప్పకుండా బస్సెక్కాను.

పొడుగాటి వరండా, వరసగా ఇనుప మంచాలు. కిటికీ పక్క మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తమ్ముడూ, అచ్చం అదే మనిషి. ఆ కళ్ళే, ఆ ముక్కే, చెంప మీద ఆ గీతే. పోస్టర్ చేత్తో పట్టుకుని మార్చి మార్చి చూశాను. ఆ బొమ్మ ఆయన్ని కూర్చోబెట్టి తీసినట్టుంది. నన్ను చూసి నవ్వాడు, అదే పలువరస.

మీ బావ కాదు.

ఆశ్రమం ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఈయన కోసం ఎవరూ రారనుకున్నామమ్మా. ఆఖరికి మీరొచ్చారు," అంది. ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. వాళ్ళు టీ తెచ్చారు, ఆయన సంచీ సర్దారు, ఉతికిన చొక్కా తొడిగారు. అంతా అయ్యాక, ఈయన మా ఆయన కాదని చెప్పాను. ఆవిడ పోస్టర్ వంక, ఆయన వంక, నా వంక చూసింది. పిచ్చిదాన్ననుకుని ఉంటుంది. ఆయన చొక్కా గుండీలు తనే ఒక్కొక్కటీ విప్పుకోవడం మొదలుపెట్టాడు. నేను బయటికొచ్చేశాను.

ఎవరాయన? నా ఎరికలో లేని మనిషి మొహం మా వీధి వీడియోలోకి ఎలా వచ్చింది? నీకు తెలుసు కదూ? ఆ బొమ్మ చూసిన రోజే తెలుసు. అందుకే గంగాళం, చెంబు అని ఏదో మొదలుపెట్టి మింగేశావు.

నన్ను ఊరుకోబెట్టడం మాను. ఆ స్టూడియో అతను చేసినది పక్కన పెట్టి, మొదటి వీడియోలో నిజంగా ఏముందో అది రాయి. ఎంత తక్కువున్నా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి. ఇంకొకటి. అందులో శబ్దం కూడా ఉంది. నా చెవులకి జిరాక్సు మిషను చప్పుడు, లారీ చప్పుడు తప్ప ఏమీ అందలేదు. ఆయన నన్ను పిలిచాడా?

అక్క

*

మూడో అంతస్తు, తలుపు వేసుకుని

అక్కా,

తెలుసు. చూసిన నిమిషానికే తెలుసు. ఎన్నో వారాల తర్వాత నీ ఉత్తరంలో మొదటిసారి నవ్వు కనిపించింది. దాన్ని చెరపడానికి చెయ్యాడలేదు.

ఆ ప్రోగ్రాము ఉన్నదాన్ని స్పష్టం చెయ్యదు. లేనిదాన్ని ఊహిస్తుంది. దానికి లక్షల మొహాలు చూపించి నేర్పారు. మసక మరక ఇస్తే, ఇలాంటి మరక ఉన్నచోట మామూలుగా ఎలాంటి మొహం ఉంటుందో అలాంటిది ఒకటి తయారుచేసి పెడుతుంది. ఆ వయసు మగవాళ్ళందరి పోలికా కలిపిన మొహం అది. లోకంలో ఎవరో ఒకరికి అతకక మానదు. ఆశ్రమంలో ఆయనకి అతికింది. ఎడమకి తిరగడం కూడా అంతే. లారీ ఎడమకి పోయింది, గళ్ళు దానితో పాటు అటు సాగాయి. సాగిన మరకని చూసి, మనిషి అటు నడిచాడని అది కథ అల్లుకుంది. స్టూడియో అతనిలో మోసమేమీ లేదు. వచ్చిన బొమ్మని అతనూ నమ్మాడు.

ఇక శబ్దం. పిలిచారా అని అడిగావు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎన్నోసార్లు విన్నాను. లారీకి ముందు పిలుపేమీ లేదు. లారీ ఉన్నప్పటి సంగతి మాత్రం చెప్పలేను. శబ్దానికీ కోడెక్ ఉంటుంది, దానికీ హద్దుంటుంది. పెద్ద చప్పుడు కింద చిన్న చప్పుడు ఉంటే అది మనిషి చెవికి ఎలాగూ వినిపించదని దాన్ని తీసి పారేస్తుంది. లారీ ఇంజను మోత కింద ఆయన పిలిచి ఉంటే, ఆ పిలుపుని అది ఉంచుకోదు. పిలవలేదని చెప్పలేను, పిలిచారనీ చెప్పలేను. ఎవరి కంటికి అని అడిగిన మనిషి, ఎవరి చెవికి అని కూడా అడిగేవారు.

నిజంగా ఉన్నదేమిటో రాయమన్నావు. ఊహ కలవని పూర్తి బొమ్మలు మధ్యమధ్యన ఉంటాయని చెప్పాను కదా. లారీ రాకముందు అలాంటివి కొన్ని ఉన్నాయి. వాటిలో ఆయన మొహం అంటూ లేదు, వేలిగోరంత నారింజ రంగు చుక్క ఉంది. మొదటి వాటిలో ఆ చుక్క మీద అడ్డంగా తెల్ల గీత ఉంది. వీపు మీద పట్టీ అది. అంటే మనవైపు వీపు పెట్టి నడుస్తున్నారు. లారీకి సరిగ్గా ముందు వచ్చిన బొమ్మలో చుక్క ఉంది, గీత లేదు. ముందువైపు పట్టీ నువ్వు ఊడదీశానన్నావు. వెలుతురు మారిందేమో, కోడెక్ మింగేసిందేమో అని పక్కనున్న వాటితో పోల్చి చూశాను. స్తంభం మీద తెల్ల నంబరు పలక అలాగే ఉంది. పోయింది ఆ గీత ఒక్కటే.

ఎడమా కాదు, కుడీ కాదు. బావగారు వెనక్కి తిరిగారు. ఇంటివైపు చూస్తున్నారు. ఆ తర్వాత లారీ వచ్చింది. ఈ వీడియోలో నిజం ఇంతే ఉంది. ఇది నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను, ఉన్నది ఉన్నట్టు రాయమన్నావని రాశాను.

కొట్టాయనకి కొత్త కెమెరా, పెద్ద డిస్కు పార్సిలు చేస్తున్నాను. హద్దు ఎంత పెంచొచ్చో అంతా పెంచి పెట్టాను, వీధి చివరికి గురిపెట్టి బిగించమన్నాను. ఇప్పుడెందుకని అడగకు. చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయాను.

తమ్ముడు

*

గుమ్మం దగ్గర

తమ్ముడూ,

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు దాచావని నేనెలా అంటాను? పన్ను సంగతి నేను ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడే చూశాను. ఆ నోటికి ముప్పూటా అన్నం పెట్టినదాన్ని, సందు ఎక్కడుండాలో నాకు తెలియదా? ఆ బొమ్మ నవ్వులో సందు లేదు. అయినా పోస్టర్ వేయించాను. వెతకడానికి ఒక దిక్కంటూ ఉంటే చాలనుకున్నాను, అది తప్పు దిక్కైనా సరే. నువ్వు కాదని రాస్తావేమోనని భయపడ్డాను. రాయలేదని మళ్ళీ నీ మీదే విరుచుకుపడ్డాను. నాతో వేగడం కష్టంరా.

వెనక్కి తిరిగాడని రాశావు. ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. నీకు మొదటి ఉత్తరంలో చెయ్యెత్తాను అని రాశాను. ఎప్పుడు ఎత్తానో రాయలేదు. నాకు దూరం ఆనదు కదా. రోజూ అంచనా మీద, ఈపాటికి స్తంభం చేరి ఉంటాడనుకుని ఎత్తేదాన్ని. ఆ రోజు గుమ్మంలోకి వచ్చేసరికి అడ్డంగా లారీ ఉంది. లోపల పాలు పొంగే వాసన. లారీ ఉండగానే చెయ్యెత్తేసి లోపలికెళ్ళిపోయాను. అది పోయేదాకా ఆగాలన్న ఆలోచనే రాలేదు. ఎడమా, కుడా అని నిన్ను ఇన్నాళ్ళూ అడిగానే గాని, తిరిగాడా అని అడగలేకపోయాను. తిరగకుండా నేరుగా పోయి ఉంటే బాగుండునని రోజూ అనుకునేదాన్ని. తిరిగాడు. నా చెయ్యి కోసం చూశాడు. ఆయనకి లారీ కనిపించింది. నీ యంత్రం పారేసినదాని సంగతి వదిలెయ్, నా చెయ్యి ఆయనదాకా చేరనే లేదు.

ఏడుస్తున్నానని పరిగెత్తుకు రాకు. వచ్చినా చేసేదేం లేదు.

ఆశ్రమానికి మళ్ళీ వెళ్ళాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, అదే నయం. ఆయన్ని ఎండలో కూర్చోబెట్టి ఆవిడ ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయించాను. ఈ పెన్ డ్రైవులో ఉన్నవి అవే. పంపితే నొక్కుకుపోతాయని ఫోన్‌లో పంపలేదు, చూశావా, నీ శిష్యురాలినయ్యాను. వీటిని ఏమీ తగ్గించకుండా ఎక్కడెక్కడ పెట్టాలో అక్కడ పెట్టు. ఈయన కోసం కూడా ఎవరో ఎక్కడో మరకలు చూసుకుంటూ కూర్చుని ఉంటారు. స్టూడియో బొమ్మ ఉన్న పోస్టర్లు దొరికినన్ని పీకించేశాను. మన పాత ఫోటోతో మళ్ళీ వేయించాను, అందులో సందు బాగా కనిపిస్తుంది.

ఫోన్ ఇంకా ఖాళీగానే ఉంచుతున్నాను. ఈ మధ్య మోగడం లేదు.

నీ కెమెరా వచ్చింది, కొట్టాయన శ్రద్ధగా బిగించాడు. నేను రోజూ అదే వేళకి గుమ్మంలోకి వచ్చి చెయ్యెత్తుతున్నాను. వీధిలో వాళ్ళు మొదట్లో ఆగి చూసేవాళ్ళు, ఇప్పుడు తప్పుకుని పోతున్నారు. నిన్న ఇసుక లారీ మళ్ళీ వచ్చి అక్కడే ఆగింది. అది పోయేదాకా చెయ్యి దించలేదు, భుజం లాగేసినా దించలేదు. పోయాక, నాకు ఆనలేదని కొట్టులోకి వెళ్ళి చూపించమన్నాను. చాలా మంచి బొమ్మ తమ్ముడూ. గళ్ళు లేవు, మరకలు లేవు. స్తంభం, దాని మీద నంబరు, పలక కొట్టిన మేకులు కూడా కనిపిస్తున్నాయి. అంత స్పష్టంగా అక్కడ ఎవరూ లేరు.

అక్క